పండు మనల్ని కొరుకుతోంది!

సింహాచలం కొండ అనాసపండ్లు రైతుబజార్‌లోకి వచ్చేశాయి. నిన్న సగం పండు ఒక్కదాన్నే లాగించేశాను, నాలుక భగ్గుమంది. పులుపు ఒక్కటే కారణం కాదట. అందులోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. మన నాలుక మీదున్నవీ ప్రోటీన్లే కదా! తాజా ముక్కలు వేసిన పాలు కాసేపటికి చేదెక్కేదీ, జెలటిన్ జెల్లీ గడ్డకట్టనిదీ ఇందుకే.

తమాషా ఏంటంటే, ఎంజైమ్ కూడా ప్రోటీనే. అంటే అమైనో ఆమ్లాలనే చిన్న అణువుల గొలుసు. ఆ గొలుసు సరిగ్గా ముడుచుకుని ఉంటేనే ఎంజైమ్ పనిచేస్తుంది. బాగా ఉడికిస్తే గొలుసు తెగకపోయినా ఆ మడతలు విడిపోతాయి, దాని పని అక్కడితో సరి. అనాస కేసరి ఎంత తిన్నా నోరు మండకపోవడం అందుకే.

ఇదంతా చెప్పి, కేసరి చేద్దామా అత్తయ్యా అన్నాను. "ముందు ఆ తొక్క నువ్వు తియ్యమ్మా" అన్నారు.