పార్లమెంట్ స్లిప్ దగ్గర ఒక మధ్యాహ్నం

ముప్పై ఏళ్లు మునిసిపాలిటీల్లో టౌన్ ప్లానింగ్ పని చేశాను. ఏ ఊరెళ్లినా నా కళ్లు ముందు ఖాళీ స్థలాల మీదే పడతాయి. 2023 సెప్టెంబర్‌లో అమ్మాయి దగ్గరికి మిస్సిసాగా వెళ్లినప్పుడు, తను నయాగరాకి టికెట్లు తీస్తానంటే "ముందు టొరంటోలో గూగుల్ వాళ్లు స్మార్ట్ సిటీ కడతామన్న ఆ క్వేసైడ్ చూపించమ్మా" అన్నాను.

"అక్కడేముంది నాన్నా, ఏమీ కట్టలేదుగా!" అంది. ఎందుకు కట్టలేదో తెలుసుకోవాలనే నా ఆరాటం.

పోర్ట్ క్రెడిట్‌లో గో ట్రైన్ ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాం. క్వీన్స్ కీ రోడ్డు వెంట తూర్పుకి నడిచాం. రెడ్‌పాత్ పంచదార ఫ్యాక్టరీ దాటుతుంటే గాలిలో తియ్యటి వాసన. అనకాపల్లి వైపు బెల్లం వండే రోజులు గుర్తొచ్చాయి. పక్కనే షుగర్ బీచ్, ఇసుకలో గులాబీ రంగు గొడుగులు. ఇంకాస్త నడిస్తే పార్లమెంట్ స్లిప్. సరస్సు నీళ్లు ఊళ్లోకి చొచ్చుకొచ్చిన చోటు అది. అవతల సోయా మిల్లు తాలూకు పాత కాంక్రీటు సైలోలు, వెనకాల గార్డినర్ ఫ్లైఓవర్ మీద బండ్ల హోరు. ఆ మధ్యలో ఉంది 12 ఎకరాల క్వేసైడ్.

2017 అక్టోబర్‌లో వాటర్‌ఫ్రంట్ టొరంటో అనే ప్రభుత్వ సంస్థ ఈ స్థలం ప్లాను పనిని, గూగుల్ కుటుంబానికే చెందిన సైడ్‌వాక్ ల్యాబ్స్‌కి అప్పగించింది. వాళ్ల ఆలోచన ప్రకారం, ఎవరు ఎక్కడ నడుస్తున్నారో, ఎక్కడ ఆగుతున్నారో సెన్సర్లు లెక్కపెడతాయి. ఆ లెక్కని బట్టి సిగ్నళ్లు మారతాయి. చెత్త, సరుకులు నేల కింద సొరంగాల్లో పోతాయి. మా అమ్మాయి అప్పట్లో వాళ్ల ప్రదర్శన చూడటానికి వెళ్లిందట. మంచు కరిగించే ఆరు మూలల రాళ్లు నేల మీద పరిచి చూపించారట. "నాకు భలే నచ్చింది నాన్నా. తర్వాత ఒక మీటింగ్‌లో ఒకావిడ లేచి, నన్ను లెక్కపెట్టొద్దంటే ఏ దారిన నడవాలి అని అడిగింది. దానికి సూటిగా జవాబు రాలేదు" అంది.

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. జనం యంత్రానికి భయపడ్డారని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. నాకలా అనిపించదు. అక్కడి సమాచార గోప్యతా కమిషనర్‌గా పనిచేసిన ఆన్ కవూకియన్ ఈ ప్రాజెక్టుకే సలహాదారు. మనుషుల ఆనవాళ్లను సెన్సర్ దగ్గరే చెరిపేయాలని ఆవిడ పట్టుపట్టారు. బయటి కంపెనీలు కూడా అలా చేస్తాయన్న హామీ రాకపోవడంతో 2018 అక్టోబర్‌లో తప్పుకున్నారు. 2019లో పౌరహక్కుల సంఘం కోర్టుకెక్కింది. అదే జూన్‌లో 1,500 పేజీలకు పైగా ఉన్న ప్లాను వచ్చింది, 12 ఎకరాలు దాటి 190 ఎకరాల మాట ఎత్తింది. జనం ఊరుకోలేదు. ఆ అక్టోబర్‌ ఆఖరుకి మళ్లీ 12 ఎకరాలకే దించారు. 2020 మే 7న కరోనా కాలపు ఆర్థిక అనిశ్చితిని కారణంగా చూపి కంపెనీ పూర్తిగా తప్పుకుంది.

స్లిప్ గట్టు మీద కూర్చుని అమ్మాయికి కామారెడ్డి సంగతి చెప్పాను. ఆ 2023 జనవరిలోనే మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు రోడ్డెక్కారు. చివరికి కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. ఆ రైతులు మ్యాప్‌లో తమ సర్వే నంబరు వెతుక్కోగలిగారు, ఏ ఆఫీసు ముందు కూర్చోవాలో వాళ్లకి తెలుసు. నా సర్వీసులో అభ్యంతరాల అర్జీలు వేలల్లో చదివాను. "ఈ రోడ్డు గీత మా వంటింట్లోంచి పోతోంది సారూ" అని రాసేవాళ్లు. ఆ గీత నేను గీసిందే అయితే, ఎందుకు గీశానో చెప్పాల్సిన బాధ్యత నాదే. చెప్పలేక గీత జరిపిన రోజులూ ఉన్నాయి.

"రేపు ఆ గీత సాఫ్ట్‌వేర్ గీస్తే అర్జీ ఎవరికి పెట్టుకుంటారు నాన్నా?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. తిరిగొస్తుంటే ఒక ఖాళీ స్థలం కంచెకి నోటీసు బోర్డు కనిపించింది. రాబోయే భవనం బొమ్మ, ఎన్ని అంతస్తులో, అభిప్రాయం చెప్పాలంటే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలో పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. దాని ముందు నిలబడి మొత్తం చదివాను. ఫోటో తీసి, పాత కొలీగ్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను.