పాత డెస్క్‌టాప్‌కి వైఫై: డాంగిల్‌తో కుస్తీ

మూలన పడున్న డెస్క్‌టాప్‌ని ఇంటి ఫోటోలు, పాటలు దాచుకునే సర్వర్‌గా మారుస్తున్నాను. ఈసారి పనంతా వైఫై డాంగిల్ దగ్గరే ఆగింది. యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే వైఫై ఇచ్చే గోరంత పరికరం అది, లోపల రియల్‌టెక్ 8811సీయూ చిప్. మెషీన్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ 21 అనే ఆపరేటింగ్ సిస్టమ్.

శనివారం

గుచ్చగానే వైఫైకి బదులు స్క్రీన్ మీద సీడీ బొమ్మ ప్రత్యక్షమైంది. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా డ్రైవర్ల (పరికరాన్ని సిస్టమ్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వేటలో పడతారు. ముందు టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ కొట్టి, డాంగిల్ సిస్టమ్‌కి ఏమని కనిపిస్తోందో చూడటం మంచిది. నాకు 0బీడీఏ:1ఏ2బీ అనే ఐడీ వచ్చింది, అంటే అదింకా సీడీ వేషంలోనే ఉంది. విండోస్ వాళ్ల సౌకర్యం కోసం డ్రైవర్‌ని డాంగిల్‌లోనే పెట్టి అమ్ముతారు. అది ఎక్కాకే అసలు వైఫై కార్డు బయటికొస్తుంది. లినక్స్‌లో ఆ వేషం మనమే విప్పించాలి. సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కాను. మళ్లీ చూస్తే ఐడీ చివర సీ811 అయింది, అంటే వైఫై కార్డు బయటికొచ్చింది. ఆన్ చేసిన ప్రతిసారీ ఈ తంతు ఎవరు చేస్తారు? యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసి ఆ పని దానికి అప్పగించాను.

అయినా నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీ. ఉన్న కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వెర్షన్ 5.15, ఈ చిప్ యూఎస్‌బీ డ్రైవర్ కెర్నల్‌లో చేరింది మాత్రం 6.2లో. బయట దొరికే డ్రైవర్‌ని కంపైల్ చేసుకోవచ్చు కానీ, కెర్నల్ అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది పనిచేస్తుందో లేదో అని టెన్షన్. నాకు కెర్నల్ మార్చడమే నయమనిపించింది. దానికి నెట్ కావాలి కదా! ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, ఏ డ్రైవరూ అడక్కుండా నెట్ వచ్చేసింది. అప్‌డేట్ మేనేజర్‌లోంచి 6.8 వేసి రీస్టార్ట్ చేశాక మా రౌటర్ పేరు కనిపించింది, కనెక్ట్ కూడా అయింది.

ఆదివారం

కనెక్ట్ అయితే అయింది గానీ నిలకడ లేదు. రౌటర్‌కి పింగ్ కొడితే (చిన్న సందేశం పంపి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం) కాసేపు 3 మిల్లీసెకన్లు, ఉన్నట్టుండి 400, ఆ తర్వాత అసలు జవాబే లేదు. మొదట పవర్ సేవింగ్ మీద అనుమానపడ్డాను. నెట్‌వర్క్ మేనేజర్ ఫైల్‌లో ‘వైఫై.పవర్‌సేవ్’ విలువ 3 ఉంటే 2 చేశాను, అంటే ఆఫ్. ఖాళీగా ఉన్నప్పుడు పింగ్ కుదుటపడింది. ఫోటోలు కాపీ పెట్టగానే మళ్లీ అదే గోల.

అసలు దొంగని పట్టిచ్చింది మౌస్. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ నడుస్తున్నంతసేపూ కార్డ్‌లెస్ మౌస్ బాణం కుంటుతోంది, కాపీ ఆగగానే మామూలుగా కదులుతోంది. మౌస్‌దీ 2.4 గిగాహెర్ట్జ్, వైఫైదీ అదే. హార్డ్‌డిస్క్ యూఎస్‌బీ 3.0 పోర్టులో ఉంది, డాంగిల్ దాని పక్క పోర్టులోనే. యూఎస్‌బీ 3.0 పనిచేస్తున్నప్పుడు పోర్టు నుంచీ కేబుల్ నుంచీ వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 బ్యాండ్ మీద పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఈ బెడద ఉండదు, డాంగిల్‌కి ఆ బ్యాండ్ ఉంది కూడా. కానీ రౌటర్ హాల్లో, మెషీన్ రెండు గోడల అవతల గదిలో. అక్కడికి ఆ సిగ్నల్ సరిగా అందడం లేదు.

మందు చాలా చవక. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని, ముందువైపు 2.0 పోర్టులో పెట్టి, డాంగిల్‌ని టేబుల్ పక్కకి డబుల్ సైడ్ టేప్‌తో అంటించాను. కాపీ నడుస్తుండగానే పింగ్ పెట్టి చూస్తే 3, 4, 3, మధ్యలో ఎప్పుడో ఒక 12. మౌస్ రిసీవర్‌ని కూడా ముందు పోర్టుకే మార్చేశాను. రౌటర్‌లో ఆటో ఛానల్ తీసేసి, పక్కింటి వాళ్లందరూ 6 మీద ఉన్నారు కాబట్టి 11 పెట్టాను.

ఇక సాంబా షేర్ (ఇంట్లో మిగతా పరికరాలకి నెట్‌వర్క్‌లో కనిపించే ఫోల్డర్) పెట్టి, ఫోన్ల నుంచి ఫోటోలు వాటంతటవే వచ్చి పడేలా చేయాలి.