అమ్మ నవ్వు: ఆరో సాయంత్రం

నిన్న కర్నూలులో తుంగభద్ర ఇసుకలో ఆరో ఆదివారం. మొత్తం 214 ఫొటోలు. నాకు కావలసిన ఆ ఒక్కటి, అమ్మ నవ్వు, మళ్లీ పోయింది. రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఫొటోను పెద్దది చేసి చూడగానే ప్రాణం ఉసూరుమంది.

ముందు బాగా వచ్చినవి చెప్పేస్తాను. దిగే సూర్యుడికి అడ్డంగా పరుగెత్తిన పెద్దమ్మాయి నీడబొమ్మ, ఉగ్గానిలో నంజుకున్న మిరపకాయ బజ్జీ ఘాటుకు కళ్లు తుడుచుకుంటున్న నాన్న. రెండూ చక్కగా కుదిరాయి.

ఇక అమ్మ సంగతి. 2009 అక్టోబరు వరద ఊళ్లోకి వచ్చిన తరువాత అమ్మ నది అంచుకు రావడమే మానేసింది. ఇప్పుడు ఎండాకాలపు నీరు పిల్లల మోకాలికి కూడా రాదు. అయినా ఎత్తైన బండ మీద కూర్చుని, పిల్లల మీద నుంచి చూపు తిప్పదు. నవ్వు వస్తే వెంటనే కొంగు నోటికి అడ్డం వస్తుంది. ఆ కొంగు వచ్చేలోపు ఉండే నవ్వు కోసమే ఈ ఆరు వారాల పాట్లు. చప్పుడు లేని షట్టర్ పెట్టినప్పటి నుంచి కెమెరాను చూసి బిగుసుకోవడం మాత్రం తగ్గింది.

నిన్న 6.52కు చిన్నమ్మాయి నీటి అంచున దొరికిన ఆల్చిప్పను తడి ఇసుకతో సహా తెచ్చింది. "అవ్వా, కళ్లు మూసుకో" అంటూ అరచేతిలో పెట్టింది. చల్లటి నీరు మోచేతి దాకా జారింది. అమ్మ తల వెనక్కి వేసి పగలబడి నవ్వింది. నేను మూడు మీటర్ల దూరంలో ఇసుకలో కూర్చుని ఉన్నాను. సెకనుకు ఎనిమిది చొప్పున ఐదు ఫొటోలు పడ్డాయి. మొదటిదానిలో పెదవులు మూసి ఉన్నాయి. రెండు, మూడింటిలో పూర్తి నవ్వు. నాలుగోదానిలో కొంగు గడ్డం దాకా వచ్చింది, ఐదోదానిలో కళ్లు తప్ప ఏమీ కనిపించవు. అంటే నవ్వు నాకు దక్కిన సమయం పావు సెకను. ఆ రెండు ఫొటోలూ మసకే.

ఫోకస్ తప్పిందేమోనని మొదట అనుకున్నాను. కానీ ఫోకస్ తప్పితే ముక్కుపుడక గుండ్రటి మచ్చలా పెద్దదవుతుంది. ఇక్కడ అది పైకి లాగిన గీతలా ఉంది. నా చెయ్యి వణికిందా అంటే, అప్పుడు బండ కూడా సాగాలి. బండ మీది గరుకు, అమ్మ మెట్టెలు సూది మొనలా స్పష్టంగా ఉన్నాయి. పైగా నా సోనీ 50 ఎఫ్/1.8 ఓఎస్ఎస్ లెన్సులో వణుకును సర్దే ఏర్పాటు ఉంది. అది నా చేతిని ఆపుతుంది కానీ అమ్మ తలను ఆపలేదు కదా! కదిలింది అమ్మే.

గీత పొడవు 61 పిక్సెళ్లు. ఆ దూరంలో నా సోనీ ఏ6400 కెమెరాకు ఒక మిల్లీమీటరు సుమారు 4.3 పిక్సెళ్లు. నాలుగు మిల్లీమీటర్ల ముక్కుపుడక వాటా 17 తీసేస్తే మిగిలినవి 44, అంటే ఒక సెంటీమీటరు కదలిక. ఫొటో వివరాల్లో షట్టర్ వేగం, అంటే వెలుతురు లోపలికి పడే సమయం, చూస్తే 1/100 సెకను. తల సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలిందన్నమాట. ఫోన్ తెరపై ఈ మసక అంతగా తెలియదు. కానీ 8×12 అంగుళాల ప్రింటులో ముక్కు మీద మూడు మిల్లీమీటర్ల గీత పడుతుంది. నాకు కావలసింది ప్రింటే.

కనీస షట్టర్ వేగం 1/500 అని మెనూలో పెట్టుకున్నాను. మరి 1/100 ఎలా వచ్చింది? వరసగా ఫొటోల వివరాలు రాసుకున్నాక తేలింది. సూర్యాస్తమయం 6.34కు ఐఎస్ఓ, అంటే అందిన వెలుతురును కెమెరా పెంచి చూపే స్థాయి, 800. 6.43కు 3200. అక్కడితో ఆగిపోయింది, ఎందుకంటే నాయిస్ (ఫొటోలో వచ్చే గరుకు) భయంతో గరిష్ఠ పరిమితి 3200 అని ఎప్పుడో పెట్టింది నేనే. అపర్చర్, అంటే లెన్సు కన్ను తెరుచుకునే వెడల్పు, ఎఫ్/2.8కు బిగించి ఉంది. ఐఎస్ఓ పైకి వెళ్లలేనప్పుడు కెమెరా ఆ కనీస వేగాన్ని పక్కన పెట్టి షట్టర్‌ను నెమ్మది చేస్తుంది. తొమ్మిది నిమిషాల్లో 1/500 కాస్తా 1/100 అయింది. మన దగ్గర సంజ వెలుగు అంత త్వరగా జారిపోతుంది.

ఈ ఉదయం తెల్లవారకముందే మేడ మీద పరీక్ష పెట్టాను. చిన్న ముత్యాన్ని దారానికి కట్టి, ఐదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే కింది బిందువు దగ్గర దాని వేగం సెకనుకు సుమారు ఒక మీటరు, అమ్మ తల వేగమే. 1/100లో ముత్యం 45 పిక్సెళ్లు సాగింది, 1/250లో 19, 1/500లో 9. ఆ తొమ్మిది ప్రింటులో అర మిల్లీమీటరు కూడా ఉండవు.

కాబట్టి ఎఫ్/2.8 నుంచి 1.8కి దిగితే (అంకె తగ్గితే కన్ను పెద్దది) దాదాపు రెండున్నర రెట్ల వెలుతురు. ఐఎస్ఓ పరిమితి 6400 చేస్తే మరో రెండు రెట్లు. రెండూ కలిస్తే అదే 6.52కు 1/500 దొరుకుతుంది. స్పష్టంగా వచ్చే లోతు 38 సెంటీమీటర్ల నుంచి 25కు తగ్గుతుంది. చిన్నమ్మాయి ముఖం కాస్త మసకబడితే పడనీ, ఫోకస్ అమ్మ కంటి మీదే. 6400లో వచ్చే గరుకును లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ బాగానే శుభ్రం చేస్తుంది. ఇన్నాళ్లు ఆ గరుకుకు భయపడి నవ్వులు పోగొట్టుకున్నాను.

ఫ్లాష్ పెట్టమని తమ్ముడు అంటాడు. ఒక్క మెరుపుతో ఆ సాయంత్రమంతా చచ్చిపోతుంది, నేను పెట్టను. దూరం నుంచి పెద్ద జూమ్‌తో తీయడం కూడా నాకు నచ్చదు. ఇంట్లోవాళ్లను పక్కనే కూర్చుని తీయాలి, ఆల్చిప్ప నీళ్లు నా మీద కూడా పడాలి.

ఇంకా ఎక్కువ వెలుతురు పట్టే సిగ్మా 30 ఎఫ్/1.4 లెన్సు మీద మనసు పోతోంది. కానీ దానితో అమ్మ ముఖం ఇంతే పెద్దగా రావాలంటే ఆమెకు రెండు మీటర్ల లోపుకు జరగాలి, అంత దగ్గర ఆమె మాట్లాడటం మొదలుపెడుతుందేమో. వచ్చే ఆదివారం పాత లెన్సుతోనే, షట్టర్‌ను 1/500కు నేనే బిగించి వెళ్తున్నాను. వానలు పడి పైనుంచి నీరు వస్తే ఈ ఇసుక మునిగిపోతుంది. అప్పుడు సంకల్‌బాగ్ ఘాట్ మెట్ల మీద తీయాలి. అమ్మ ఏ మెట్టు దాకా దిగుతుందో ముందు కనుక్కోవాలి. చిన్నమ్మాయి మాత్రం ఇప్పటికే రెండు ఆల్చిప్పలు జేబులో దాచుకుంది.