మైకు ముందు నుంచి మిక్సర్ దగ్గరికి

మద్రాసులో చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు సెలవులకు నెల్లూరు వచ్చినప్పుడల్లా ఒకటో రెండో ఇంగ్లీషు క్యాసెట్లు వెంట తెచ్చేవాడు. ఆ పాటల్లో సగం మాటలు నాకు అందేవి కావు గనుక, డబ్బీలో మడిచి పెట్టిన అట్టకాగితాన్ని విప్పి, చీమ తలకాయలంతటి అక్షరాలను కూడబలుక్కోవడమే నాకు కాలక్షేపం. జేమ్స్ టేలర్ క్యాసెట్ మీదా, లిండా రాన్‌స్టాట్ క్యాసెట్ మీదా నిర్మాత పేరు ఒక్కటే: పీటర్ ఆషర్. అంతకన్నా వింతగా తోచింది, గిటార్ ఎవరిది, డ్రమ్స్ ఎవరివి అన్నది కూడా ఆ అట్ట మీద అచ్చయి ఉండటం. మన సినిమా పాటల క్యాసెట్ల మీద గాయకులు, సంగీత దర్శకుడు, రచయిత ఉండేవారు గాని, ఆ వేణువు ఊదిన మనిషి పేరు నాకు ఎన్నడూ కనిపించలేదు.

అప్పటికి నేను నెల్లూరులోనే ఒక ఆర్కెస్ట్రాలో పాడుతున్నాను. శ్రీరామనవమి పందిళ్ల రోజుల్లో కోవూరు, బుచ్చి, ఆత్మకూరు అంటూ రాత్రికొక ఊరు తిరిగేవాళ్లం. అలా వరసగా పాడిన ఒక వేసవిలో, జొన్నవాడ నుంచి తిరిగి వచ్చిన మర్నాడు, పై షడ్జమం దగ్గర నా గొంతు రెండుగా చీలిపోయింది. నెలలు గడిచినా ఆ చీలిక పూర్తిగా మానలేదు. ఇక ఇంట్లో కూర్చోవడమే అనుకుంటుండగా మా కీబోర్డు పెద్దాయన కబురు పెట్టి పిలిపించి, "గొంతు పొయ్యిందిగాని చెవులు పోలేదు గదబ్బయ్యా, ఇట్టొచ్చి మిక్సర్ కాడ కూర్చో" అన్నాడు. ఆనాటి నుంచి ఇప్పటిదాకా నేను అక్కడే ఉన్నాను. శబ్దం చూసుకోవడం, ఎవరు ఏ పాట పాడాలో తేల్చడం, బయానా పుచ్చుకోవడం, మంగళం పాడేలోపు మిగతా డబ్బు రాబట్టడం, ఇవన్నీ క్రమంగా నా మీద పడ్డాయి. ఆషర్ కథను నేను శ్రద్ధగా చదివింది ఆ తరవాతే.

ఆయన 1944లో లండన్‌లో పుట్టాడు. తండ్రి రిచర్డ్ ఆషర్ వైద్యుడు. లేని జబ్బులను కల్పించుకొని ఆసుపత్రుల చుట్టూ తిరిగే వారి స్థితికి మంచౌసెన్ సిండ్రోమ్ అని 1951లో పేరు పెట్టింది ఆయనే. తల్లి మార్గరెట్, మన సన్నాయిలాగే పీక పెట్టి ఊదే ఓబోను నేర్పేది. ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ రికార్డులను తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్ ఒకప్పుడు ఆమె శిష్యుడు. పీటర్ చెల్లెలు జేన్‌తో స్నేహం కారణంగా బీటిల్స్‌లో ఒకడైన పాల్ మెకార్ట్‌నీ వింపోల్ వీధిలోని వాళ్లింట్లో పై అంతస్తు గదిలో కొన్నేళ్లు ఉన్నాడు. పీటర్ తన బడి స్నేహితుడు గోర్డన్ వాలర్‌తో కలిసి జంటగా పాడుతూ రికార్డు కంపెనీ అవకాశం సంపాదించినప్పుడు, బీటిల్స్ పక్కన పెట్టేసిన పాటొకటి మెకార్ట్‌నీ దగ్గర సగంలో ఉందని గుర్తుకొచ్చి, దానిని ఇమ్మని అడిగాడు. పాటకు నడిమి భాగం లేదు. రికార్డింగు తేదీ దగ్గర పడుతున్నదని పీటర్ వెంటపడితే, మెకార్ట్‌నీ గిటార్ పట్టుకొని గదిలోకి వెళ్లి, కాసేపట్లోనే దానిని పూర్తిచేసి తెచ్చాడు. 'ఎ వరల్డ్ వితౌట్ లవ్' అనే ఆ పాట 1964లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది.

ఈ సంగతిని అదృష్టం కింద జమకట్టేవారు చాలామంది. నాకు మాత్రం ఆ తరవాతి వృత్తి అంతా అందులోనే కనిపిస్తుంది. పైగదిలో ఉన్నవాడు సగం రాసి వదిలేసిన పాటలో సత్తా ఉందని పసిగట్టడం, ఏ భాగం తక్కువైందో చెప్పగలగడం, తేదీ లోపల దానిని రాయించుకోవడం: నిర్మాత పని ఇంతకన్నా ఏమున్నది? మన వాడుకలో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. రికార్డుల లోకంలో అలా కాదు. ఏ పాట, ఏ శ్రుతి, ఎవరి వాయిద్యం, ఎన్నోసారి పాడినది ఉంచాలి అని తేల్చేవాడు నిర్మాత. ఇక ఆ జంట పాటల్లో బరువైన గొంతు గోర్డన్‌దేనని నా చెవికి అనిపిస్తుంది; పీటర్ పై స్వరంలో తోడు పాడుతూ, ఎక్కడ తగ్గాలో తెలిసినవాడిలా వినిపిస్తాడు.

1968లో ఆ జంట విడిపోయింది. ఆ ఏడే బీటిల్స్ వారి ఆపిల్ రికార్డ్స్‌లో కొత్త గాయకులను వెతికి ఎంపిక చేసే విభాగానికి ఆషర్ పెద్ద అయ్యాడు. అమెరికా పర్యటనలో పీటర్, గోర్డన్‌లకు గిటార్ వాయించిన డానీ కోర్చ్‌మార్ ఇచ్చిన ఫోన్ నంబరు పట్టుకొని, ఇరవై ఏళ్ల జేమ్స్ టేలర్ లండన్‌లో ఆయనను వెతుక్కుంటూ వచ్చాడు. ఆషర్ విన్నాడు, చేర్చుకున్నాడు, మొదటి ఆల్బమ్‌ను తానే నిర్మించాడు. పాటకూ పాటకూ మధ్య వాద్యబృందపు అతుకులతో వచ్చిన ఆ ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. టేలర్ మాదకద్రవ్యాల అలవాటుతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆపిల్‌లో యాజమాన్యపు తీరు మారిపోయింది. అటువంటి సమయంలో ఆషర్ ఉద్యోగం వదులుకొని, ఆ ఒక్క గాయకుడిని నమ్మి, అతనికి మేనేజరుగా అమెరికా వెళ్లిపోయాడు. రెండో ఆల్బమ్ 1969 డిసెంబరులో లాస్ ఏంజెలస్‌లో తయారైంది. హంగులన్నీ తీసేసి, గిటార్‌నూ గొంతునూ ముందు నిలిపి, కారోల్ కింగ్ పియానోనూ కొద్దిపాటి తాళాన్నీ వాటి వెనక ఉంచారు. ఖర్చు ఎనిమిది వేల డాలర్లు దాటలేదంటారు. అందులోని ఒక పాట అమెరికాలో మూడో స్థానం దాకా వెళ్లింది. మొదటిసారి తాను ఎక్కువ చేశానని గ్రహించి, రెండోసారి చేయి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మిక్సర్ దగ్గర కూర్చునేవారికి తెలుస్తుంది; ఆ మీటలన్నీ మన వేళ్ల కిందే ఉంటాయి కదా.

లిండా రాన్‌స్టాట్ విషయంలో ఆయన నేర్పు వేరు. 1974 నాటి ఆల్బమ్‌తో ఆమెను శిఖరానికి చేర్చినవాడు, 1983లో ఆమె పాత కాలపు అమెరికన్ పాటలను నెల్సన్ రిడిల్ వాద్యబృందంతో పాడతానంటే, ఆ ఆల్బమ్‌నూ తానే నిర్మించాడు. 1987లో ఆమె తన తండ్రి పాడుకునే మెక్సికన్ పాటలను స్పానిష్‌లోనే పాడింది. ఆ భాష ఆషర్‌ది కాదు. అందుకే ఆ సంగీతం ఎరిగిన రూబెన్ ఫుయెంతెస్‌ను సహ నిర్మాతగా పక్కన నిలుపుకున్నాడు. అమెరికాలో అది ఇరవై లక్షలకు పైగా అమ్ముడైంది. ఉత్తమ నిర్మాతగా రెండు గ్రామీలు, సోనీలో ఉపాధ్యక్ష పదవి, 2015లో బ్రిటిష్ ప్రభుత్వపు గౌరవం వంటివి ఎటూ ఉన్నాయి.

పాడినవాడు ఇతరుల పాటను నడిపించడం మన జిల్లాకు కొత్త కాదు. మన బాలు సినిమాల్లో స్థిరపడక ముందు నడిపిన లైట్ మ్యూజిక్ బృందంలోనే ఇళయరాజా వాయించాడు. 1966లో తనకు తొలి పాట ఇచ్చిన కోదండపాణి గారి పేరునే బాలు తన సినీ నిర్మాణ సంస్థకు పెట్టుకున్నాడు. అయితే బాలు చివరిదాకా మైకు వదలలేదు. ఆషర్ దశాబ్దాల పాటు దాదాపుగా వదిలేశాడు.

ఇక ఆ అట్టకాగితం సంగతి. వాయించినవారి పేర్లు వేయాలని పట్టుబట్టిన నిర్మాతల్లో ఆషర్ ముందువరసలో ఉన్నాడని ఆ వాద్యకారులే చెబుతారు. గిటార్ కోర్చ్‌మార్, డ్రమ్స్ రస్ కంకెల్, బేస్ లీలాండ్ స్క్లార్: ఆ పేర్లు చూసే ఇతర గాయకులు వారికి కబురు పెట్టారు. మా దగ్గర పరిస్థితి తెలిసిందే. ఒకసారి ఒక ఊరి ఉత్సవ కమిటీ మాకు ఇవ్వవలసిన డబ్బులో గాయకుల వాటా చేతిలో పెట్టి, "వాయించినోళ్లకి కూడా అంతెందుకు" అని మిగతాది ఎగ్గొట్టింది. అప్పటి నుంచి నేను కరపత్రంలో ప్యాడ్లు, తబలా, కీబోర్డు, గిటార్ వాయించే ప్రతి ఒక్కరి పేరూ వేయిస్తున్నాను.

పోయిన సంక్రాంతికి పురమందిరంలో మా కార్యక్రమం. కరపత్రంలో ఏడు పేర్లకు చోటు చాలదని అచ్చాఫీసు అబ్బాయి అంటే, ముఖ్య అతిథి ఫొటోను సగానికి తగ్గించమన్నాను. ముఖ్య అతిథి తరఫు వాళ్లు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కీబోర్డు పెద్దాయన మాత్రం కళ్లద్దాలు పైకెత్తి కరపత్రాన్ని దగ్గరగా పెట్టుకొని చదివి, తన ఇంటిపేరులో ఒక ఒత్తు తప్పు పడిందని చూపించి, అయినా ఇంటికి పట్టుకుపోవడానికి ఇంకో నాలుగు అడిగాడు.