పాత లేజర్ పడవ, ఆరో వారం: మాస్ట్ గుంతలో లీక్ ఆగింది

శనివారం పొద్దున మాస్ట్ (తెరచాపని నిలబెట్టే స్తంభం) దిగే గుంత నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర టేప్ ముక్క అంటించి, భోజనం చేసి వచ్చి చూస్తే నీళ్లు టేపు దగ్గరే ఉన్నాయి! ఆరు వారాల కిందట ఇదే గుంతలో గంటకి అంగుళం దిగిపోయేవి.

కొత్తగా చదివేవాళ్లకి: లేజర్ అంటే 1970 ప్రాంతంలో బ్రూస్ కర్బీ గీసిన ఫైబర్‌గ్లాస్ రేసింగ్ పడవ. నడిపేది ఒక్కరే. పొడవు 4.2 మీటర్లు, ఖాళీ పడవ 59 కిలోలు, ఒకటే తెరచాప, 7.06 చదరపు మీటర్లు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, మన హుస్సేన్ సాగర్‌లో వానాకాలం పోటీలకి దిగే పడవల్లో ఇదీ ఒకటి. పోటీలో అందరి పడవలూ ఒకే అచ్చు కాబట్టి లోపల నీళ్లు తాగి బరువెక్కిన పడవ వెనకబడిపోతుంది. నాది కొన్నప్పుడు 66 కిలోలు తూగింది.

దీని మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలేమీ ఉండవు. తెరచాపని చొక్కా చేతిలా మాస్ట్‌కి తొడిగి, మాస్ట్‌ని గుంతలో దించడమే. ఆ గుంత అంటే డెక్‌లో (పడవ పైభాగంలో) బిగించిన గొట్టమే, కాబట్టి గాలి బలమంతా దాని మీదే పడుతుంది, పైగా మాస్ట్ అందులో తిరుగుతూ ఉంటుంది కాబట్టి అడుగున చేరిన ఇసుక కొన్నేళ్లకి గొట్టాన్ని అరగదీసి చిల్లు పెడుతుంది. ఆ గొట్టం ఊడితే డెక్‌ని చీల్చుకుని వస్తుంది, అందుకే మిగతావన్నీ ఆపి ముందు దీన్ని పట్టుకున్నాను.

డెక్ మీద ఆరంగుళాల మూత పెట్టేలా రంధ్రం కోశాను (నిబంధనలు 153 మిల్లీమీటర్ల వరకు ఒప్పుకుంటాయి). టార్చ్ వేసి చూస్తే గొట్టం చుట్టూ ఫైబర్ తెల్లగా పాలిపోయి ఉంది, గోరుతో నొక్కితే పొరలుగా లేస్తోంది. చిన్న ఫ్యాన్ పెట్టి మూడు వారాలు ఆరబెట్టాక 61 కిలోలకి వచ్చింది. తర్వాత 80 నంబర్ శాండ్‌పేపర్‌తో గీకి, అసిటోన్‌తో తుడిచి, గ్లాస్ గుడ్డ మూడు పొరలు ఎపాక్సీ జిగురుతో వేశాను. మాస్కూ, పొడుగు చేతుల చొక్కా లేకుండా మాత్రం గీకొద్దు, ఆ దురద రెండు రోజులు పోదు. ఇంకోటి, ఈ డల్లాస్ ఎండకి ఎపాక్సీని కప్పులో ఎక్కువ కలిపితే చేతిలోనే వేడెక్కి గట్టిపడిపోతుంది, కొంచెం కొంచెమే కలుపుకోవాలి.

గుంత అడుగున పల్చటి టెఫ్లాన్ బిళ్ల వేశాను, ఇకపై అరిగితే అదే అరగాలి. వచ్చే వారం డాగర్‌బోర్డ్ (పడవ పక్కకి జారకుండా నీళ్లలోకి దించే పలక) గాడి అంచు విరిగినచోట పని.