కొలతల పుస్తకం వెనక పేజీలు

నా కొలతల పుస్తకం పొడుగాటి లెక్కల పుస్తకం, ఎర్ర అట్ట. ముందు నుంచి తిప్పితే మా వీధి ఆడవాళ్ల కొలతలు, వెనక నుంచి తిప్పితే నా ఎడమ మోకాలు. మూడేళ్ల కిందట మొదలుపెట్టాను. తేదీ వేసి, పొద్దున్నే మోకాలి చిప్ప మీదుగా టేపు చుట్టి ఎంతొచ్చిందో రాస్తాను. పక్కన ఆ రోజు మోకాలికి ఏం పూసుకున్నాను, ఏం తాగాను, నొప్పి ఎన్ని గంటలు ఊరుకుంది. ఎవరన్నా "ఫలానాది వాడవే, భలే తగ్గుతుంది" అంటే "ఎంత తగ్గుతుంది?" అని అడిగే బుద్ధి నాది. పావంగుళం తేడా వస్తే జాకెట్టు వెనక్కొచ్చే పని మరి.

నరసరావుపేటలో 31 ఏళ్లుగా కుడుతున్నాను. అందులో 28 ఏళ్లు కాలితో తొక్కే మిషనే. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు "గుజ్జు అరిగిందమ్మా, ఎడమది ఎక్కువ, కుడిది తక్కువ" అన్నారు. నొప్పికి డైక్లోఫెనాక్ బిళ్లలు రాశారు. వేసుకున్నన్నాళ్లు బాగానే ఉంది, కానీ కడుపులో మంట. పైగా ఆయనే "రోజూ మింగొద్దు, కిడ్నీలకి మంచిది కాదు" అన్నారు. మా మేనకోడలు అప్పుడే బీఫార్మసీలో చేరింది. పశువులకి ఇదే డైక్లోఫెనాక్ వేస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయని, 2006లో పశువులకి ఆ మందు నిషేధించారని చెప్పింది. "రాబందు వేరు, నువ్వు వేరులే అత్తా" అని కూడా అంది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలా ఆకులూ అలముల్లో పడ్డాను.

మొదటి ఎంట్రీ వావిలాకు. సాగర్ కాలువ గట్టు మీద ఎంత కావాలంటే అంత. చెయ్యి చాపినట్టు అయిదు ఆకులు, పైన ముదురాకుపచ్చ, కింద బూడిద రంగు. తుంచగానే వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. రెండు గుప్పెళ్ల ఆకు గిన్నెడు నీళ్లలో వేసి, నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగేదాకా మరిగించాలి. దించాక మూత తీస్తే వచ్చే ఆవిరికి మోకాలు పెట్టి, పైన దుప్పటి కప్పుకోవాలి. కాస్త చల్లారాక ఆ నీళ్లలో తువ్వాలు ముంచి, పిండి, చుట్టుకోవాలి. మా అమ్మ బాలింత స్నానం నాకు ఈ నీళ్లతోనే పోసింది. 30 ఏళ్ల తర్వాత ఆ వాసన తగిలేసరికి నొప్పి సంగతి తర్వాత, ముందు భుజాలు కిందికి దిగాయి.

పుస్తకంలో ఉన్నది ఇది: ముందు 15 ముప్పావు, తర్వాత 15 ముప్పావు. వాపు ఏమీ తగ్గలేదు. నొప్పి మాత్రం రెండు గంటలు ఊరుకుంది. వేడికి తగ్గిందా, ఆకుకి తగ్గిందా అని అనుమానమొచ్చి ఇంకో రోజు ఉత్త వేడినీళ్లతో అలాగే చేశాను. గంటన్నర. మళ్లీ వావిలాకు, మళ్లీ ఉత్త నీళ్లు, అలా వారం రోజులు మార్చి మార్చి చేశాను. దాదాపు అదే తేడా, అరగంట. ఆ అరగంట ఆకుదో వాసనదో నాకు తెలీదు. రాత్రి తొమ్మిదిన్నరకి చేసుకుంటే పదకొండున్నర లోపు నిద్ర పట్టేస్తుంది, నాకు కావాల్సింది అదే. ఇప్పటికీ వారానికి మూడు రోజులు చేస్తాను.

వదిన నల్లేరు పంపింది. "ఎముకలు అతుక్కుంటాయి, తిను" అని ఫోన్లో ఒకటే పోరు. లేత కణుపులు ఏరి, చేతులకి నూనె రాసుకుని అంచుల నార తీయాలి, లేకపోతే దురద. నూనెలో బాగా మగ్గించి చింతపండు, ఎండుమిరపకాయలు, మినప్పప్పు వేసి రోట్లో నూరితే వేడన్నంలోకి చెప్పక్కర్లేదు. నల్లేరు మీద బండి నడక అంటారు గానీ, నల్లేరు తిన్న నా నడక మాత్రం ఎప్పటిలాగే ఎడమకి ఒరిగే ఉంది. పచ్చడి కోసం అయితే మళ్లీ చేస్తాను.

పసుపు పాలు ఇంట్లో అందరూ చెప్పేదే. మేనకోడలితో కూర్చుని గుడ్డ లెక్క వేసినట్టు వేశాం. పసుపులో పనిచేసే సరుకు కర్క్యుమిన్, నూటికి మూడు పాళ్లు వేసుకోవచ్చు. చెంచాడు పసుపు మూడు గ్రాములనుకుంటే, అందులో కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. మోకాళ్ల నొప్పుల మీద పరీక్షలు చేసినవాళ్లు ఇచ్చేది రోజుకి 500 మిల్లీగ్రాములు, వెయ్యి, అలా. అదీ ఒంటికి సరిగా పట్టదట. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు మిరియాల్లోని పైపరిన్ కలిపి ఇచ్చి చూస్తే రక్తంలోకి 20 రెట్లు ఎక్కువ చేరిందట. మన పెద్దవాళ్లు పాలలో పసుపూ మిరియాలూ కలిపి ఇచ్చింది ఈ లెక్క తెలిసి కాదులే, జలుబుకి. నేను రెండు నెలలు కర్క్యుమిన్, మిరియాల సారం కలిపిన గొట్టాలు, అదే క్యాప్సూల్స్, వాడాను. పది పాళ్లలో రెండు పాళ్లు తగ్గినట్టుంది. నెలకి 900 రూపాయలు. మానేశాను. మా ఆయనకి గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మందులు వాడతారు. నాతో పాటు తనూ ఓ గొట్టం వేసుకుంటానంటే మేనకోడలు చేతిలోంచి లాక్కుంది. ఆ మందులూ ఈ పసుపు గొట్టాలూ కలిస్తే రక్తస్రావం కావొచ్చట.

ఆయనకి గొట్టాలెందుకు, అమృతాంజన్ ఉండగా. కాలు బెణికినా అదే, కడుపు నొప్పికీ అదే రాసుకుంటారు. "మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన మందు, ఈ డబ్బులతోనే ఆంధ్రపత్రిక నడిపారు" అని ప్రతిసారీ చెబుతారు. నేను కాదన్నానా. చల్లగా, మంటగా ఉంటుంది, ఆ గోలలో నొప్పి కాసేపు మర్చిపోతాం. పుస్తకంలో 40 నిమిషాలని రాసి ఉంది.

మంట అంటే గుర్తొచ్చింది, మిరపకాయ. గుంటూరు మిరపకాయల మధ్య పుట్టి పెరిగి, కల్లాల్లో కాయలు ఏరి చేతులు మండించుకున్న మనిషిని, మిరప సారం తీసి మోకాలికి రాసే క్రీము ఉందంటే నవ్వాను. డాక్టరుగారే రాశారు. కాప్సైసిన్. మన నరాల్లో వేడిని పసిగట్టే ఒక తలుపు ఉందట, మిరప కారం ఆ తలుపే తడుతుందట. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. రోజూ తడుతూ పోతే ఆ నరం విసిగి ఊరుకుంటుంది, నొప్పి కబురు పైకి పంపడం తగ్గిస్తుంది. అందుకే ఒకరోజు రాసి చూస్తే ఏమీ ఉండదు. రోజుకి మూడు నాలుగు సార్లు, రెండు మూడు వారాలు రాయాలి. మొదటి వారం మోకాలికి నిప్పు పెట్టినట్టే.

మూడో రోజున రాసుకుని చేతులు సబ్బుతో కడిగాననే అనుకున్నాను. సూదిలోకి దారం ఎక్కించడానికి అలవాటుగా దారం కొస నోట్లో పెట్టి తడిపాను. ఇంక చూడండి. పెరుగు, చక్కెర, బెల్లం ముక్క, ఏది దొరికితే అది నోట్లో వేసుకుని షాపులో గెంతుతుంటే, ఫాల్ వేయించుకోడానికి వచ్చినావిడ మోకాళ్లు తగ్గిపోయాయనుకుంది. అప్పట్నుంచి క్రీము రాసేటప్పుడు పాలిథిన్ కవరు తొడుక్కుంటాను. కానీ అబద్ధం ఎందుకు, మూడు వారాలకి మెట్లు దిగేటప్పుడు పొడిచే నొప్పి సగం తగ్గింది. రాసుకునేవాటిలో నాకు నిలబడి పనిచేసింది ఇదొక్కటే.

ఇప్పుడు పొడి సంగతి.

కిందటి ఏడాది సంక్రాంతి తర్వాత ఒకాయన గురించి విన్నాను. ఊరు చెప్పను, పక్క జిల్లా. ఆదివారాలు మాత్రమే ఇస్తారు. తెల్లారుజాము బస్సెక్కి వెళ్లేసరికి అరుగు మీద నూరు మంది. వంకాయ, గోంగూర, పులుపు తినొద్దని పథ్యం చెప్పి, న్యూస్ పేపరు ముక్కల్లో కట్టిన 30 పొట్లాలు ఇచ్చారు, 1,200 రూపాయలు. బూడిద రంగు పొడి, నాలిక మీద చేదు. రాత్రి వేడినీళ్లతో ఒక పొట్లం.

మూడో రోజు పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక గాని గుర్తుకు రాలేదు, గోడ పట్టుకోకుండా వెళ్లానని. టేపు చుట్టాను. 15 ముప్పావు కాదు, 15 పావు. పుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. శివరాత్రి ముందు కోటప్పకొండ మెట్ల దారిన ఎక్కాను, ప్రభలు కట్టే వాళ్లని చూస్తూ. దిగొచ్చి కనపడ్డ వాళ్లందరికీ చెప్పాను. నా మాట విని ఎంతమంది వెళ్లారో లెక్క లేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రెండో నెలలో ఆకలి మొదలైంది. పదింటికి ఇడ్లీ, పదకొండుకి మళ్లీ ఏదైనా. మొహం నిండుగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఒకరోజు నా జాకెట్టే నాకు పట్టలేదు. సరే లావయ్యాను కదా అని కొత్తది కుట్టుకుందామని కొలత తీసుకున్నాను. నడుం రెండున్నర అంగుళాలు పెరిగింది. చేతి లూజు ఒక్క పిసరు కూడా పెరగలేదు. రెండుసార్లు కొలిచాను. 31 ఏళ్లలో లావైన ఆడవాళ్లని ఎంతమందిని కొలిచానో. ఒళ్లు చేస్తే చెయ్యి కూడా చేస్తుంది, ముందు బిగిసేది చేతి దగ్గరే. నడుం ఇంత పెరిగి చెయ్యి అలాగే ఉండటం నేనెప్పుడూ చూడలేదు. భయమేసింది.

డాక్టరుగారికి ఆ పేజీ చూపించాను. ఆయన పుస్తకం చేతిలోకి తీసుకుని చదివి, నా మొహం చూసి, మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చలు చూశారు.

"ఏం మందు వాడుతున్నారమ్మా?"

"మందేం కాదు సార్. ఆయుర్వేదం."

"ఆయుర్వేదమైతే డబ్బా మీద లైసెన్సు నంబరు, లోపల ఏమేం వేశారో రాసి ఉండాలి కదా. ఏదీ, చూపించండి."

పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. పేపరు మీద రాసి ఉన్నది సినిమా వార్త.

పరగడుపున షుగరు 212. అంతకుముందు సంవత్సరం 96. పొద్దున ఎనిమిదింటికి కార్టిసాల్ అని ఒక పరీక్ష చేయించారు, దాదాపు అడుగుకి ఉంది. మన ఒంట్లోనే రోజూ తయారయ్యే స్టెరాయిడ్ అది. బయట నుంచి స్టెరాయిడ్ వచ్చి పడుతుంటే ఒళ్లు తన పని మానేసి కూర్చుంటుందట. మోకాళ్ల పొడుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు నూరి కలపడం ఎప్పట్నుంచో పట్టుబడుతున్న మోసమేనన్నారు. వెంటనే అవతల పారేస్తానంటే గట్టిగా వద్దన్నారు. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుందట. దాని బదులు లెక్క తెలిసిన స్టెరాయిడ్ బిళ్ల రాసి, కొంచెం కొంచెం తగ్గిస్తూ అయిదు నెలలు పట్టించారు. ఆ అయిదు నెలలూ నొప్పి వడ్డీతో సహా వచ్చింది. మోకాలు 16.

ఇంటికొచ్చాక మేనకోడలు ఇంకోటి చెప్పింది. 2004లో అమెరికాలో, బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో అమ్మే ఆయుర్వేద మందులు 70 రకాలు కొని పరీక్షిస్తే 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉన్నాయట. అవి సీల్ వేసిన డబ్బాలు. నావి సినిమా పేజీ పొట్లాలు. దాని మీద నేనేం మాట్లాడలేదు. మా అమ్మమ్మకి నడుం నొప్పికి గరిటె కాల్చి వాతలు పెట్టారు, వీపు మీద మచ్చలు ఆవిడ పోయేదాకా ఉన్నాయి. అమ్మమ్మ మోసపోయిందని చిన్నప్పుడు నవ్వేదాన్ని.

ఇప్పుడు నడుస్తున్నది చెప్పాలంటే, మిషన్‌కి మోటారు పెట్టించాను, 1,800 రూపాయలు. ఇన్ని ఆకులూ పొడులూ ఒక ఎత్తు, ఆ మోటారు ఒక ఎత్తు. ఈ తెలివి ముందే ఎందుకు రాలేదో. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కడం, కాలు చాపి పైకెత్తడం, రోజూ పొద్దున. దానికి బరువు కావాలంటే పాత ఫాల్ ముక్కలతో కిలో ఇసుక సంచి కుట్టుకున్నాను, చీలమండకి కట్టుకునే నాడాలతో. ఒక కిలో ఒళ్లు తగ్గితే అడుగు తీసి అడుగు వేసేటప్పుడు మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందట, అయిదు కిలోలు తగ్గాను. క్రీము. వావిలాకు. మరీ పట్టలేని రోజున బిళ్ల. ఇవాళ్టి కొలత 15 ముప్పావు. అంటే మూడేళ్ల కిందట ఎక్కడున్నానో అక్కడే, కాకపోతే కూరగాయల సంచి పట్టుకుని మేడ మీదికి ఎక్కుతున్నాను.

ఇదంతా ఇవాళ రాయడానికి కారణం ఉంది. సాయంత్రం వరలక్ష్మీవ్రతానికి పట్టు జాకెట్టు ఇవ్వడానికి వెనక వీధి అమ్మాయి వచ్చింది, 40 ఉంటాయేమో. "అక్కా, ఉగాదికి తీసుకున్న కొలతలే వేసెయ్" అంది. మొహం చూసి ఊరుకోలేక టేపు తీశాను. ఉగాదికి నడుం 34, ఇవాళ 36న్నర. చేతి లూజు అప్పుడు 12, ఇప్పుడూ 12.

"మోకాళ్లకి ఏమన్నా వాడుతున్నావా అమ్మాయ్?"

"నువ్వు చెప్పిందే కదక్కా" అంది నవ్వుతూ.

రేపు పది గంటలకి డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. ఇంట్లో ఉన్న పొట్లాలన్నీ తెమ్మన్నాను, ఈ రాత్రి మాత్రం మానేయొద్దన్నాను. పట్టు ముక్క బల్ల మీదే ఉంది, ఇంకా కత్తిరించలేదు.