రక్తాక్షి అంటే ఏ సంవత్సరం?

ఎం.ఏ. చరిత్రలో నా పరిశోధన పేపర్ అమృతాంజనం ప్రకటనల మీద. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. నొప్పుల మందు మీద వచ్చిన డబ్బు ఒక భాషకు పత్రికనిచ్చిందన్న మాట నన్ను వదల్లేదు.

మొదటి రెండు వారాలూ హాస్టల్ గదిలో ఫోన్ పట్టుకుని వెతికాను. పీహెచ్‌డీ పరిశోధనలను ఉంచే శోధగంగ వెబ్‌సైటులో సిద్ధాంత గ్రంథాలు దొరికాయి, వాటి చివర ఉన్న పుస్తకాల జాబితాలు బాగా పనికొచ్చాయి. అసలు పత్రికల దగ్గరే టెన్షన్. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు సంచికలు చాలా ఉన్నాయి. కానీ అవి బొమ్మలు. లోపలి అక్షరాలను వెతుకుడు పెట్టె చాలాసార్లు చదవలేదు. పేర్లేమో ఇంగ్లిషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. పంతులుగారి మాసపత్రిక ‘భారతి’ ఒక్కదాన్నే నాలుగైదు స్పెల్లింగులతో వెతకాల్సి వచ్చింది. నేను ‘చెన్నై’ అని కొడుతుంటే ఆనాటి అచ్చులో ‘చెన్నపురి’ అని ఉంటుంది. ఆ కాలం మాట పట్టుకుంటేగానీ ఆ కాలం కాగితం దొరకదు.

ఒక ఉగాది సంచిక మీద ‘రక్తాక్షి’ అని మాత్రమే ఉంది, ఇంగ్లిషు సంవత్సరం లేదు. నెల్లూరులో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేశాను.

“నేను పుట్టింది విక్రమలోనే అమ్మా, 1940. అక్కణ్ణించి వెనక్కి లెక్కపెట్టు,” అని తనే గుక్కతిప్పుకోకుండా చదివింది. వృష, చిత్రభాను అనుకుంటూ ముందుకు పోతోంటే నేనే ఆపి వెనక్కి తిప్పాను. ప్రభవ 1927, దానికి మూడేళ్ల ముందు రక్తాక్షి, అంటే 1924.

అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది కాబట్టి 1984 కూడా కావచ్చు. వెల అణాల్లో ఉందో లేదో చూశాను, ఉంది. 1957లో నయాపైసలు వచ్చాయి కనుక ఇది 1924దే. ఇంకొకటీ గుర్తుపెట్టుకోవాలి: రక్తాక్షి మాఘం అంటే 1925 మొదట్లో పడుతుంది. ఫుట్‌నోట్‌లో ఇది తప్పితే ఏడాది మొత్తం తప్పినట్టే.

శనివారం చెన్నై ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్తున్నాను. 1896లో తెరిచిన ఆ లైబ్రరీలో అడగడానికి చీటీ మీద ఇంగ్లిషు సంవత్సరాల పక్కనే ప్రభవ, విభవ, శుక్ల అని కూడా రాసుకున్నాను.